వాన కురిసిన మర్నాడు కుక్కతో కొండకు

కుక్కకు మనలాగా చెమట పట్టదు. ఈ మాటను మొదట పుస్తకంలో చదివాను, తరువాత నా చేత్తో తాకి నిర్ధారించుకున్నాను. ఎండలో పరిగెత్తించి తెచ్చిన కుక్క అరికాళ్ళ మెత్తల కింద కొంచెం తడి కనిపిస్తుంది. మిగతా ఒళ్ళంతా పొడిగానే ఉంటుంది. లోపల పుట్టిన వేడిని బయటికి పంపటానికి దానికున్న పెద్ద దారి నోరే. రొప్పినప్పుడు నాలుక మీది తడి ఆవిరవుతుంది, ఆ ఆవిరి వేడిని తీసుకుపోతుంది. ఇంతవరకు నాకు తెలుసు, పిల్లలకు పాఠంగా కూడా చెప్పాను. అయినా మా అన్న కుక్క నా మూలంగానే చనిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రెండో వేసవి అది. ఆత్మకూరు ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడిగా చేరి నాకు ఇంకా ఏడాది నిండలేదు. అన్న ఉదయగిరి కొండ కింది పల్లెలో మేకలు కాసేవాడు. నాయన పోయినప్పుడు అన్న తన చదువు మానుకొని మేకల వెంట వెళ్ళాడు. నా చదువు ఆగకపోవటానికి కారణం అదే. ఆ ఫాల్గుణంలో అతడు కొండ మీద బండ జారి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. పల్లెలో కట్లు కట్టేవాడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మేకలను వరికుంటపాడు వైపు ఉన్న వదిన పుట్టింటివాళ్ళు తోలుకుపోయారు. నాకు ఒక కార్డు వచ్చింది. ఎవరి చేతో రాయించింది. "సెలవులు ఇస్తూనే రా. కుక్కను తిప్పేదానికి మనిషి లేడు." కాలు గురించి ఒక్క మాట కూడా లేదు.

బొగ్గుతో నడిచే బస్సులో ముఖమంతా మసి చేసుకొని ఉదయగిరిలో దిగి, అక్కడి నుంచి పల్లెకు నడిచాను. సంచిలో రెండు జతల బట్టలు, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రయోగశాల నుంచి తెచ్చుకున్న ఒక ఉష్ణమాపకం ఉన్నాయి. కొండ కింద ఎండ ఎంత ఉంటుందో ఎవరిని అడిగినా "నిప్పులు" అనటమే తప్ప అంకె చెప్పినవారు లేరు. ఆ అంకె తెలుసుకోవాలని నా కోరిక.

కుక్క పంచలో గుంజకు కట్టేసి ఉంది. నల్లటిది, పొడుగు కాళ్ళది, ఎడమ చెవి సగం చిరిగినది. ఆ చెవిని చిరుతపులి చీల్చిందని, అయినా కుక్క వెనక్కు తగ్గక దాన్ని బండల మీదికి తరిమిందని అన్న చెప్పేవాడు. తరమటం నేను చూడలేదు కనుక దానికి నేను సాక్షిని కాను. చెవి మాత్రం చూశాను. ఆ కుక్క వచ్చిన తరువాత అన్న మందలో చిరుతకు పోయిన మేక లేదన్నది పల్లెలో అందరూ ఒప్పుకున్న మాట. పై కొండకు మేకలను తోలే ధైర్యం అన్నకు ఆ కుక్క వల్లనే వచ్చింది. కింద తుప్పల్లో ఉన్న మేత మందకు చాలేది కాదు.

"తిండి ముట్టటం లేదు," అంది వదిన. "గుంజను కొరికి కొరికి పెట్టింది. నిన్న నా మీద కూడా గుర్రుమనింది."

అన్న మంచం మీద నుంచే మాట్లాడాడు. "నా కాలు సంగతి తరవాత చూద్దాం. దాన్ని రోజూ కొండకు తోలుకోనిపోయి ఉరికించుకోని రా. కట్టేసిన కుక్క మేకల కాడ పనికిరాదు. ఆషాఢానికి నేను లేస్తా. నేను లేచే పొద్దుకు అది కూడా గట్టిగా ఉండాల."

"ఈ ఎండల్లోనా అన్నా?"

"ఎండ నీకు కొత్త, దానికి కాదు. అయ్యవారు కాకముందు నువ్వూ ఎండలోనే తిరిగినావులే."

పక్కింట్లో ఒక ముసలి సాయిబు ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు కుందేళ్ళ వేటకు కుక్కలను పెంచినవాడు. అన్నకు ఈ కుక్కను కూనగా ఇచ్చిందీ ఆయనే. నేను కుక్కను తిప్పబోతున్నానని తెలిసి మా అరుగు మీద కూర్చొని నియమాలు చెప్పాడు.

"అయ్యవారూ, రాసుకో. బండ మీద చెయ్యి తిరగేసి పెట్టు. పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోలేకపోతే కుక్క కాలు కూడా ఓర్చుకోదు, ఇంటికి మళ్ళు. రొప్పే కుక్కకు నీళ్ళు పొయ్యబాక, గుండె పట్టుకుంటది. మెడకు ఎర్రగడ్డ కట్టు, వడ తగలదు."

"ఇవన్నీ నిజమేనా తాతా?"

"నిజమో కాదో తేల్చేదానికి నువ్వు చదువుకోనింటివి గదా."

ఆయన ఎగతాళిగా అన్నాడు, నేను నిజంగానే తీసుకున్నాను. ఉష్ణమాపకాన్ని పంచలో నీడపట్టున మేకుకు తగిలించాను. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. రోజూ తెల్లవారుతుండగా ఒకే దారిలో, ఒకే దూరం కుక్కను తీసుకువెళ్ళి ఏడు గంటలకల్లా ఇల్లు చేరేవాణ్ణి. ఇంటికి వచ్చిన తరువాత దాని రొప్పు నిమిషానికి ఎన్నిసార్లో, ఎంతసేపటికి తగ్గుతుందో గడియారం పట్టుకొని లెక్కించేవాణ్ణి. నాలుగు రోజులు మెడకు ఉల్లిపాయ కట్టాను, నాలుగు రోజులు కట్టలేదు. తేడా ఏమీ కనిపించలేదు. అయిదోనాడు ఆ ఉల్లిపాయ విప్పి పారేస్తుంటే వదిన, "పులుసులో వేసినా ఇంటికి పనికొచ్చేది," అంది.

నీళ్ళ నియమం కూడా నిలవలేదు. కొండ దారి మధ్యలో బండల సందున నీళ్ళు నిలిచే చిన్న దొన ఒకటి ఉంది. అక్కడ ఆగి కుక్కను కొద్దికొద్దిగా తాగనిచ్చేవాణ్ణి. దాని గుండెకు ఏమీ కాలేదు సరికదా రొప్పు త్వరగా తగ్గింది. బండ నియమం మాత్రం నిజం. ఒక రోజు ఉష్ణమాపకాన్ని కొండకు తీసుకుపోయి, ఎండ పడిన బండకు ఆనించి చూస్తే పాదరసం గాలిలో కన్న ఎంతో పైకి పోయింది. ఈ ఫలితాలన్నీ సాయిబుకు చదివి వినిపించాను. ఆయన బీడీ ముట్టించుకొని విన్నాడు.

"అయితే ఎర్రగడ్డ తప్పు, నీళ్ళు తప్పు, బండ ఒప్పు."

"అంతే తాతా."

"ఇంకొకటి మరిచిపోయినా. వాన పడిన మర్నాడు దాన్ని ఉరికించబాక."

"ఎందుకు?"

"కాగిన నేల మీద వాన పడితే లోపలుండే విషం పైకి లేస్తాది. మనిషి ముక్కు ఎత్తున ఉండాది. కుక్క ముక్కు నేలకు ఆనుకోని ఉండాది."

"ఏం విషం అది?"

"నాకేం తెలుసు? నా కుక్కలు రెండు అట్లనే పోయినాయి."

నేల నుంచి అటువంటి విషం ఏదీ లేవదని నాకు తెలుసు. ఈనాడైనా అదే చెబుతాను. అయితే ఆయన మాటలో రెండు భాగాలున్నాయి. తాను చూసింది ఒకటి, చూసినదానికి తనకు తోచిన కారణం ఇంకొకటి. కారణం తప్పు కాగానే నేను మొత్తం మాటను కొట్టేశాను. చనిపోయిన రెండు కుక్కల సంగతి అడగవలసింది. అవి ఎంతసేపు పరిగెత్తాయి, ఎట్లా పడ్డాయి, ఆనాడు గాలి ఎట్లా ఉంది అని అడిగి రాసుకోవలసింది. పరీక్ష అంటే అదే. నా నోటుపుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఒక్క మాట: "నిరాధారం."

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద వాన కురిసింది. పల్లె అంతా బయటికి వచ్చి తడిసింది. మర్నాడు ఉదయం ఆకాశం మబ్బుగా ఉంది. ఉష్ణమాపకం ఎనభై ఫారెన్‌హీటు డిగ్రీల దగ్గర ఉంది. అంతకు ముందు వారమంతా అదే వేళకు ఎనభై ఎనిమిదికి తగ్గలేదు. అంకెను రాసుకొని, ఆ రోజు తొందర లేదని తేల్చుకున్నాను. తీరిగ్గా సద్ది తిని, రోజూ తిరిగి వచ్చే వేళకు బయలుదేరాను.

అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "వాన పడింది గదా. సాయిబు తాత వద్దన్నాడే?"

"నేలలోంచి విషం వస్తదన్నాడు. అట్లాంటిదేం లేదన్నా. నిన్నటికన్నా ఎనిమిది డిగ్రీలు చల్లగా ఉండాది."

అన్న కొంచెంసేపు కుక్కను చూశాడు. "సరే పో. నీకు తెలిసినంత ఆయనకేం తెలుసు?"

కుక్కకు ఆ ఉదయం పండుగలా ఉంది. తడి నేల వాసనకు గొలుసు విప్పగానే దూకింది. కముజు పిట్టలు లేచిన ప్రతి పొద నుంచీ ఇంకో పొదకు పరుగు పెట్టింది. నేనూ దాని వెంట పరిగెత్తాను. చల్లని రోజు కదా అని దొన దగ్గర ఆగకుండా పైకి పోయాం. కొండ మీది పాత కోట గోడ మొదలు దాకా వెళ్ళాం. అంత దూరం అంతకు ముందెప్పుడూ పోలేదు. గాలి అనేది లేదు. లోయలో మట్టి నుంచి ఆవిరి లేస్తూ కనిపించింది. నా చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది, ఎంతసేపటికీ ఆరలేదు. చొక్కా ఆరటం లేదని గమనించాను కూడా. నా చెమట ఆరని గాలిలో కుక్క నాలుక మీది తడి మాత్రం ఎట్లా ఆరుతుంది? ఈ ఒక్క ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. తరగతి గదిలో ఎవరైనా పిల్లవాడు అడిగి ఉంటే వెంటనే జవాబు చెప్పేవాణ్ణి.

దిగి వస్తున్నప్పుడు కుక్క ఒక బలుసు పొద కిందికి దూరి, తడి మట్టి మీద పొట్ట ఆనించి పడుకుంది. నాలుగు కాళ్ళూ చాపింది. అంతకు ముందు కొండ మీద ఒక్కనాడు కూడా అది అట్లా పడుకోవటం నేను చూడలేదు. ఆటకు మొరాయిస్తోందని అనుకున్నాను. పిలిచాను. కళ్ళెత్తి చూసింది గాని లేవలేదు. ఇంకోసారి కొంచెం గట్టిగా పిలిచాను. లేచి వచ్చింది.

అక్కడి నుంచి దొన దాకా అది నా ముందే నడిచింది. నాలుక చివర వెడల్పై గరిటెలాగా వంగింది. చొంగ తీగలు సాగింది. వెనుక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. దొన దగ్గర నీళ్ళ ముందు నిలబడింది గాని మూతి వంచలేదు. దోసిట్లో నీళ్ళు పట్టి నోటికి అందించాను. అవి పెదవుల పక్క నుంచి కారిపోయాయి. చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. తరువాత అది పక్కకు ఒరిగింది.

జబ్బు చేసిన మేకపిల్లను మోసినట్లు మెడ మీద వేసుకొని దిగాను. దాని పొట్ట నా మెడకు కాలింది. ఆ దొనలోనే దాన్ని దించి తడపవలసిందని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఇల్లు చేరాలన్న ఆత్రమే ఉంది. ఇల్లు చేరి, ఎండ తగలకూడదని వెనుక గదిలో పడుకోబెట్టి, గోనెసంచి తడిపి దాని మీద నిండా కప్పి, తలుపు మూశాను. అన్న ముందు గదిలో మంచం మీద నుంచి, "ఏమైందిరా, ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నాడు. "కొంచెం వడ తగిలింది," అన్నాను.

వదిన పరుగెత్తి సాయిబును పిలుచుకొచ్చింది. ఆయన తలుపు తోసి, గోనె కింద చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏంది అయ్యవారూ, కుడుములు ఉడకేస్తుండావా?"

గోనె తీసి అవతల విసిరేశాడు. నేనూ చెయ్యి పెట్టి చూశాను. సంచి కింద దాని బొచ్చు వెచ్చటి ఆవిరితో తడిసి ఉంది. గాలి ఆడని గదిలో తడి గోనె చల్లబరచదు, వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇదీ నాకు తెలిసిన విషయమే. ఇద్దరం కలిసి దాన్ని పెరట్లోకి మోసుకుపోయి వేపచెట్టు నీడలో పడుకోబెట్టాం. వదిన బావి నుంచి కడవ తరువాత కడవ తోడి ఇచ్చింది. సాయిబు పొట్ట మీద, తొడల లోపల, మెడ కింద ధారగా పోశాడు. నేను చేట పట్టుకొని విసిరాను. చాలాసేపటికి రొప్పు నెమ్మదించింది.

అప్పటికి అన్న మంచం దిగాడు. బద్దలు కట్టిన కాలును ముందుకు చాపి, చేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ పెరటి గడప దాకా వచ్చాడు. అన్న గొంతు వినగానే కుక్క తల ఎత్తింది. తోక రెండుసార్లు నేలకు కొట్టింది. మధ్యాహ్నానికి లేచి నిలబడి గిన్నెలో నీళ్ళు తాగింది.

"బతికింది," అన్నాడు అన్న. వదిన కొంగుతో కళ్ళు తుడుచుకొని నవ్వింది. నేనూ నమ్మాను. సాయిబు మాత్రం ఇంకోసారి దాని చిగుళ్ళు ఎత్తి చూశాడు. "తాతా, గండం గడిచినట్లేనా?" అని నేను అడిగితే, "రేపు చెప్తా," అన్నాడు.

పొద్దు వాలే వేళకు దానికి రక్తంతో విరేచనాలు పట్టుకున్నాయి. చిగుళ్ళు తెల్లబడ్డాయి. లోపల ఒకసారి ఉడికిన అవయవాలు పైన నీళ్ళు పోసినంత మాత్రాన బాగుపడవని ఆ తరువాత నెల్లూరులో ఒక పశువుల డాక్టరు నాకు చెప్పారు. ఆయన చెప్పింది కూడా ఒక్కరి మాటే కనుక తరువాత ఇంకొకరిని అడిగాను. ఆయనా అదే చెప్పారు. మర్నాడు పొద్దు పొడుస్తుండగా కుక్క పోయింది. దాని తల అన్న తొడ మీద ఉంది.

చేని గట్టున గుంట తీశాను. అన్నను ఎద్దుల బండిలో అక్కడికి తీసుకుపోవలసి వచ్చింది. మట్టి వేసిన తరువాత అతడికి జరిగినదంతా చెప్పాను. ఆలస్యంగా బయలుదేరటం, దొన దగ్గర ఆగకపోవటం, కోట గోడ దాకా పోవటం, బలుసు పొద. దేన్నీ తగ్గించి చెప్పలేదు. అన్న అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"పొద కింద నుంచి అదే లేచి వచ్చిందా, నువ్వు పిలిచినావా?"

"పిలిచినా. రెండుసార్లు."

"పిలిస్తే రాకుండా ఎట్లుంటాదిరా," అన్నాడు.

ఆ తరువాత ఈ ప్రస్తావన అతడు ఎన్నడూ తీసుకురాలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. అయితే దానికీ నా దగ్గర ఆధారం లేదు.

సాయిబు దగ్గరికి ఒక సాయంత్రం నేనే వెళ్ళాను. వాన పడిన మర్నాడు గాలి నిండా తడి ఉంటుందని, కుక్క ఎంత రొప్పినా నాలుక ఆరదని, వేడి లోపలే నిలిచిపోతుందని వివరించాను. ఉష్ణమాపకం వేడిని చెప్పిందే గాని తడిని చెప్పలేదని, తడిని చెప్పే సాధనం ఆత్మకూరులో ప్రయోగశాల బీరువాలోనే ఉందని, అది ఇక్కడ అవసరం పడుతుందని అనుకోలేదని కూడా చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు.

"అంటే విషం కాదంటావు."

"కాదు తాతా."

"సరే. నా రెండు కుక్కలు కూడా దానికే పోయినాయంటావా?"

"అనుకుంటుండా. అవి ఎట్లా పోయినాయో చెప్తావా?"

చెప్పాడు. ఒకటి చెరువు కట్ట మీద పడిందట. ఇంకొకటి ఇంటి దాకా వచ్చి నీళ్ళ ముందు నిలబడి తాగలేదట. రెండూ ఎండ లేని, గాలి ఆడని ఉదయాలే. నోటుపుస్తకం తీసుకుపోయాను గాని ఆయన ముందు తెరవలేకపోయాను. ఇంటికి వచ్చి రాసుకున్నాను.

జూన్‌లో ఆత్మకూరు బడికి వెళ్ళిపోయాను. ఆషాఢంలో ఒక శనివారం మధ్యాహ్నం బస్సు ఎక్కి, మర్నాడు అన్నతో పాటు మేకల దగ్గరికి పోయాను. కాలు అతుక్కుంది గాని కొంచెం వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. వదిన పుట్టింటి నుంచి తిరిగి వచ్చిన మందలో సగమే ఉంది.

"మిగతావి ఏమైనాయి?"

"అమ్మేసినా. పైకి తోలను ఇంక. కింద మేత వీటికే చాలటం లేదు."

"ఇంకో కూన తెచ్చుకుందాం అన్నా. సాయిబు తాతను అడుగుతా."

"అది కుక్కయ్యేదానికి రెండేళ్ళు. అప్పటిదాకా ఎవురు కాయాల?" అని, కర్రతో ఒక మేకను మందలోకి మళ్ళేసి, "చూద్దాంలే," అన్నాడు.

తుప్పల మధ్య మేకలు చిన్నగా మేస్తున్నాయి. పదిగంటల వేళ ఒక పిల్లమేక మంద విడిచి కొండ దారి పట్టి బండల మీదికి ఎక్కటం మొదలుపెట్టింది. అన్న చూశాడు. రెండు వేళ్ళు నోటి దాకా తీసుకుపోయాడు, కుక్కను పిలిచే ఈల వేయటానికి. వేయలేదు. చెయ్యి దించి, కర్ర మీదికి ఒళ్ళు వంచి కుంటుతూ రెండడుగులు వేశాడు. నేను అతడిని దాటి బండల వైపు పరుగెత్తాను. వెనుక నుంచి అన్న కేక వినిపించింది.

"ఉరకబాకరా. నిదానంగా పో. ఉక్కగా ఉండాది."